పొర కాదు, పేరు

"లేయరు ఆఫ్ చేస్తే ఆ గీతలు ఎక్కడికి పోతాయి సార్?"

పాలిటెక్నిక్ రెండో సంవత్సరం కుర్రాడి ప్రశ్న. తెర మీద రెండంతస్తుల ఇంటి ప్లాను పీడీఎఫ్. కరెంటు లేయరు పక్కనున్న కంటి గుర్తు నొక్కగానే ఫ్యాన్లు, స్విచ్చులు మాయమయ్యాయి. "కింది పొరలోకి" అని ఏదో చెప్పి గట్టెక్కాను. రాత్రి ఆ ఫైలును క్యూపీడీఎఫ్ అనే ఉచిత పనిముట్టుతో విప్పి, నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. నేను చెప్పింది తప్పు.

మా తరం బుర్రలో లేయరంటే ట్రేసింగ్ కాగితమే. అమెరికాలో 1970ల నాటికి దాన్నొక పద్ధతిగా మలిచారు. గోడలకొక పాలియెస్టర్ షీటు, పైపులకొకటి, వైర్లకొకటి. అంచున రంధ్రాలు పొడిచి బల్లకున్న పిన్నులకు తగిలిస్తే ఒకదానిమీదొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చునేవి. వైర్లు వద్దనుకుంటే ఆ షీటు ఎత్తేయడమే.

పీడీఎఫ్‌లో ఎత్తడానికి షీటే లేదు. పేజీ అంటే ఒక పొడవాటి ఆజ్ఞల చిట్టా. 'ఎం' అంటే పెన్ను అక్కడ పెట్టు, 'ఎల్' అంటే ఇక్కడిదాకా లాగు, 'ఎస్' అంటే ఇంకు పొయ్యి. కరెంటు గీతల ముందు 'బీడీసీ' అని ఒక పేరుతో కంచె తెరుస్తారు, చివర 'ఈఎంసీ' అని మూస్తారు. అదే పేరుతో చిట్టాలో యాభైచోట్ల కంచెలు వేసుకోవచ్చు, కొన్ని గోడలకు ముందు, కొన్ని తర్వాత. కంటి గుర్తు నొక్కితే ఆ పేరు 'ఆఫ్' జాబితాలో చేరుతుంది, అంతే.

నాకు నిద్రపట్టనివ్వని ముచ్చట ఇంకొకటుంది. ఆఫ్‌లో ఉన్న కంచెను సాఫ్ట్‌వేరు దూకి వెళ్లిపోదు. లోపల రంగు మార్చమని ఉంటే మారుస్తుంది, గీసే దిక్కు తిప్పమని ఉంటే తిప్పుతుంది. ఇంకు మాత్రం పొయ్యదు. చెయ్యి కదులుతూనే ఉంటుంది, కాగితం మీద ఏమీ పడదు! దూకేస్తే కంచె దాటాక వచ్చే గీతలు తప్పు రంగులో, తప్పు చోట పడతాయి మరి.

2003లో అక్రోబాట్ 6తో పాటు వచ్చిన పీడీఎఫ్ 1.5లో ఈ ఏర్పాటు చేరింది. ప్రమాణ గ్రంథం దీన్ని లేయరు అనదు, 'ఆప్షనల్ కంటెంట్' అంటుంది. ఆ పేరే నిజాయితీగా ఉంది. ఏళ్ల తరబడి భద్రపరిచే ఫైళ్ల కోసం పెట్టిన పీడీఎఫ్/ఏ ప్రమాణంలో మొదటి భాగం లేయర్లను గుమ్మం దగ్గరే ఆపింది, రెండో భాగం రానిచ్చింది.

బ్లూబీమ్ రెవ్యూ లాంటి మార్కప్ సాఫ్ట్‌వేర్లలో మనం గీసే ఎర్ర మబ్బులు, బాణాలు అసలు ఆ చిట్టాలోనే ఉండవు. పేజీకి గుచ్చిన చీటీల్లాంటివి, చీటీ మీద దాని లేయరు పేరు రాసుకోవచ్చు. అందుకే స్ట్రక్చరల్ ఇంజనీరు మబ్బుల్ని దాచి ప్లంబింగు వ్యాఖ్యలొక్కటే చూడగలం. చీటీని 'పునాది' లేయరులో పెట్టినా అది పేజీకి పైనే ఉంటుంది, గోడ కిందికి దూరదు.

కుర్రాడికి మర్నాడు సరైన జవాబు చెప్పాను: ఎక్కడికీ పోవు. చెబుతుంటే నా పాత పొరపాటు గుర్తొచ్చింది. ఒకసారి రేట్లు రాసుకున్న లేయరును ఆఫ్ చేసి ప్లానును ఓ కాంట్రాక్టరుకు పంపాను. ఆయన కంటి గుర్తు నొక్కి, నా రేట్లు నాకే చదివి వినిపించాడు. మీరూ ప్లాను బయటికి పంపేముందు అన్ని లేయర్లూ ఆన్ చేసి ఒకసారి చూసుకోండి. ఉండకూడనిది కనిపిస్తే దాచకండి, చెరిపేయండి.