ఫార్మాట్ చేయించే ముందు: బూట్‌లోడర్‌ను మనమే తిరిగి పెట్టుకోవచ్చు

రాయగడ, కోరాపుట్ వైపు ఇళ్లలో అసెంబుల్డ్ కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. మదర్‌బోర్డు ఒక కంపెనీది, డిస్కు ఇంకొకరిది, కేబినెట్ మరొకరిది. మొత్తానికి జవాబుదారీగా ఉండే సర్వీస్ సెంటర్ అంటూ ఏదీ ఉండదు. ఒకరోజు స్విచ్ వేస్తే నల్లటి తెర మీద ‘గ్రబ్ రెస్క్యూ’ అని వచ్చి ఆగిపోతుంది. కోరాపుట్ నుంచి విశాఖ దాదాపు 200 కిలోమీటర్లు. మరమ్మతుకని డబ్బాను అక్కడికి బస్సెక్కించే ముందు, ముఖ్యంగా ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అన్న సలహాకు తలూపే ముందు, ఇది చదవండి.

అసలు పోయిందేమిటి? చాలాసార్లు పోయేది బూట్‌లోడర్ ఒక్కటే. విండోస్‌నో లైనక్స్‌నో డిస్కులో వెతికి పట్టుకుని మెమరీలోకి ఎక్కించే చిన్న ప్రోగ్రాం అది. లైనక్స్‌లో ఎక్కువగా వాడే బూట్‌లోడర్ పేరు గ్రబ్. పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లి ఫొటోలు ఉండే చోటు వేరు. డిస్కు పాడైతే తప్ప అవి అలాగే ఉంటాయి.

ఎంత చిన్నదో చూడండి. పాత పద్ధతిలో, అంటే బయోస్‌తో నడిచే మదర్‌బోర్డుల్లో, డిస్కు మొదటి 512 బైట్లే అన్నిటికీ మూలం. అందులో 64 బైట్లు డిస్కును ఏయే భాగాలుగా విడగొట్టామో చెప్పే పట్టిక, 2 బైట్లు గుర్తు. బూట్ ప్రోగ్రాంకు మిగిలేది 446. కంప్యూటర్‌లో ‘అమ్మ’ అని రాస్తే 12 బైట్లు పడుతుంది. అంటే ఖాళీ వదలకుండా 37 సార్లు ‘అమ్మ’ అని రాసేసరికి ఆ చోటు నిండిపోతుంది. అంత ఇరుకులో పని జరగదు కాబట్టి గ్రబ్ తన మిగతా భాగాన్ని ఆ వెనకున్న ఖాళీలో దాచుకుంటుంది. లైనక్స్ పక్కన విండోస్ మళ్లీ వేస్తే చెరిగిపోయేది ఆ 446 బైట్లే.

కొత్త బోర్డుల్లో పద్ధతి మారింది. వీటిలో యూఈఎఫ్ఐ ఉంటుంది, అంటే బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్. ఫర్మ్‌వేర్ అంటే బోర్డు మీది చిప్‌లోనే ఉండే ప్రోగ్రాం. ఇక్కడ బూట్‌లోడర్ మామూలు ఫైలే. విండోస్ వేసినప్పుడు సాధారణంగా 100 ఎంబీతో ఏర్పడే ఈఎస్‌పీ అనే చిన్న పార్టిషన్‌లో, అంటే డిస్కు భాగంలో, ఉంటుంది. ఆ ఫైలు ఎక్కడుందో బోర్డు గుర్తు పెట్టుకుంటుంది. ఫైలు ఉండి, బోర్డు మరిచిపోయినా కంప్యూటర్ లేవదు.

మరి నాది ఏ పద్ధతి? ఏ మరమ్మతుకైనా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ తెరిచి ‘సిస్’ ఫోల్డర్‌లోని ‘ఫర్మ్‌వేర్’లో ‘ఈఎఫ్ఐ’ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి. ఉంటే ఆ పెన్‌డ్రైవ్ యూఈఎఫ్ఐ పద్ధతిలో తెరుచుకున్నట్టు. డిస్కులో ఈఎస్‌పీ ఉండి ఈ ఫోల్డర్ లేకపోతే పెన్‌డ్రైవ్ పాత పద్ధతిలో లేచింది. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు ముందు ‘యూఈఎఫ్ఐ’ అని ఉన్న వరుస ఎంచుకుని మళ్లీ మొదలుపెట్టండి. చాలామంది శ్రమ వృథా అయ్యేది ఇక్కడే.

రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్ మీద బతికే ఇంట్లో ఆ పెన్‌డ్రైవ్ ఎలా తయారవుతుంది? ఉబుంటు అనే లైనక్స్ రకం 24.04 ఫైలు 5 జీబీ దాటుతుంది, నాలుగు రోజుల డేటా తినేస్తుంది. డెబియన్ అనే మరో లైనక్స్ రకం వాళ్ల ‘నెట్‌ఇన్‌స్ట్’ ఫైలు 1 జీబీ లోపే, ఒక్క రోజులో దిగుతుంది. అందులో రెస్క్యూ మోడ్ ఉంది. మీ లైనక్స్ ఉన్న పార్టిషన్ చూపిస్తే గ్రబ్‌ను తిరిగి పెట్టే వరుస మెనూలోనే కనిపిస్తుంది. నా ఓటు దీనికే.

మెనూ పని చేయకపోతే ఆదేశాలు మనమే ఇవ్వాలి. వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ‘ఎల్ఎస్‌బీఎల్‌కే’ కొడితే డిస్కులు, వాటి భాగాలు సైజులతో సహా కనిపిస్తాయి. సైజును బట్టి లైనక్స్ పార్టిషన్‌ను గుర్తుపట్టి ‘ఎంఎన్‌టీ’ ఫోల్డర్‌కు మౌంట్ చేయాలి, అంటే తగిలించాలి. యూఈఎఫ్ఐ అయితే ఈఎస్‌పీని దాని లోపలి ‘బూట్’లో ఉన్న ‘ఈఎఫ్ఐ’కి తగిలించాలి. తర్వాత ‘డెవ్’, ‘ప్రాక్’, ‘సిస్’ ఫోల్డర్లను కూడా లోపలికి కలపాలి. ఇవి లేకపోతే గ్రబ్‌కు డిస్కులే కనిపించవు. ‘సీహెచ్‌రూట్’ ఆదేశంతో డిస్కులోని లైనక్స్ లోపలికి వెళ్లి ‘గ్రబ్-ఇన్‌స్టాల్’, ఆ వెంటనే ‘అప్‌డేట్-గ్రబ్’ నడపాలి. పాత పద్ధతిలో అయితే డిస్కు పేరు కూడా చెప్పాలి. అక్కడ ‘ఎస్‌డీఏ’ అనాలి, ‘ఎస్‌డీఏ1’ కాదు. అంకె లేనిది మొత్తం డిస్కు, అంకె ఉన్నది అందులో ఒక ముక్క.

ఇంత చేశాక కూడా కొన్నాళ్లకు బోర్డు మళ్లీ మరిచిపోతే? గడియారం పాత తేదీ చూపిస్తుంటే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది అయిపోతే సెట్టింగులు మొదటికొస్తాయి. గడియారం సరిగ్గానే ఉంటే ‘గ్రబ్-ఇన్‌స్టాల్’కు ‘రిమూవబుల్’ అన్న మాట జోడించి నడపండి. అప్పుడు గ్రబ్ నకలు ‘బూట్‌ఎక్స్64’ పేరుతో ఈఎస్‌పీలో చేరుతుంది. బోర్డుకు ఏమీ గుర్తులేనప్పుడు వెతికే పేరు అదే.

గ్రబ్ మెనూ వచ్చి విండోస్ కనిపించలేదంటే కంగారు వద్దు. 2021లో వచ్చిన 2.06 నుంచి గ్రబ్ పక్క సిస్టమ్‌లను వెతకడం మామూలుగా ఆపేసి ఉంటుంది. సెట్టింగుల ఫైలులో ‘ఓఎస్-ప్రోబర్’ వరుసను ‘ఫాల్స్’ చేసి, ‘అప్‌డేట్-గ్రబ్’ మళ్లీ నడిపితే వస్తుంది. విండోస్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే మాత్రం ఈ పనులకు దిగకముందే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి. బూట్ వరుస మారిందని పసిగట్టి విండోస్ దాన్ని అడగవచ్చు.