హాట్ రాడ్: కారు తళతళలాడితే పని అయిపోయినట్టేనా..? ఇంట్లో కట్టిన కారుకు అసలు పరీక్ష చివర్లోనే!

తుప్పు పట్టిన పాత కారు బాడీ.. పది నిమిషాల్లో అద్దంలా మెరిసిపోతుంది! ఫోన్‌లో వీడియోలు చూసేవాళ్లకు ఇలాంటివి ఎప్పుడో ఒకప్పుడు కంటపడే ఉంటాయి. అమెరికాలో ఇంటి గ్యారేజీలోనే సొంతంగా కట్టుకునే ఇలాంటి కార్లను హాట్ రాడ్‌లు అంటారు. వీడియోలో చివరి షాట్ ఎప్పుడూ మెరిసే రంగు మీదే ఉంటుంది. కానీ ఆ షాట్‌కు ముందు ఎడిటింగ్‌లో ఎగిరిపోయే పనులే డ్రైవర్ ప్రాణాన్ని కాపాడతాయి. ఆ పనులేంటి? ఏది ముందు, ఏది తర్వాత? ఓసారి చూద్దాం.

అసలు హాట్ రాడ్ అంటే ఏంటి?

ఈ కథ 1932లో మొదలైంది. సామాన్యుడికి అందే ధరలో వీ8 ఇంజిన్ కారును ఫోర్డ్ ఆ ఏడాదే మార్కెట్లోకి తెచ్చింది. ఇంజిన్ సైజు 221 క్యూబిక్ అంగుళాలు, అంటే దాదాపు 3.6 లీటర్లు. పవర్ 65 హార్స్‌పవర్. అప్పట్లో అది చాలా ఎక్కువే. కుర్రాళ్లు ఇలాంటి కార్లను సెకండ్ హ్యాండ్‌లో కొని, బరువు తగ్గడానికి మడ్‌గార్డులు, బంపర్లు పీకేసి, ఇంజిన్‌కు మెరుగులు దిద్దేవారు. కాలిఫోర్నియాలోని మురాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిపోయిన సరస్సుల్లో స్పీడ్ పరీక్షలు పెట్టుకునేవారు. ఆ పోటీల కోసమే 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పుట్టింది. 1948 జనవరిలో 'హాట్ రాడ్' అనే మ్యాగజైనే మొదలైంది.

1932 ఫోర్డ్‌ను అభిమానులు ముద్దుగా 'డ్యూస్' అంటారు. 1973లో వచ్చిన 'అమెరికన్ గ్రాఫిటీ' సినిమాలో పసుపు రంగు కారు గుర్తుందా? అది డ్యూసే.

సమస్య ఎక్కడుందంటే..

ఇప్పుడు కట్టేవాళ్లలో చాలామంది ఆ పాత బాడీలో షెవర్లే 350 లాంటి వీ8 ఇంజిన్ పెడతారు. ఇందులో 300 హార్స్‌పవర్ దాటినవి కూడా సులువుగానే దొరుకుతాయి. అంటే ఒరిజినల్ కారు కన్నా నాలుగైదు రెట్ల పవర్. కానీ 1932 ఫోర్డ్‌కు ఉన్నవి రాడ్‌లతో లాగే మెకానికల్ బ్రేకులు. ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చింది 1939లో. అందుకే ఇప్పుడు కట్టేవాళ్లు బ్రేకుల వ్యవస్థను కొత్తగా అమర్చుకోక తప్పదు.

ఒక కారు నుంచి ఇంజిన్, ఇంకో కారు నుంచి యాక్సిల్, మరో చోటి నుంచి స్టీరింగ్. ఇవన్నీ కలిపి పనిచేస్తాయో లేదో ఏ కంపెనీ ఇంజనీరూ పరీక్షించలేదు. ఆ పరీక్ష చేయాల్సింది కట్టినవాడే. ఫినిషింగ్ టచ్ అంటే అసలు అర్థం ఇదే.

ముందు రోడ్డు.. తర్వాతే రంగు

అనుభవం ఉన్నవాళ్లు పెయింట్ వేయకుండానే కారు మొత్తాన్ని ఒకసారి బిగిస్తారు. కొంతమంది అలాగే కొన్నాళ్లు నడుపుతారు కూడా. తేడా వచ్చిన చోట్లన్నీ సరిచేశాక మళ్లీ మొత్తం విప్పి, అప్పుడు రంగు వేస్తారు.

రెండుసార్లు పని ఎందుకు అనుకుంటున్నారా? కారణం ఉంది. నడిపి చూస్తేనే సైలెన్సర్ పైపు ఎక్కడ తగులుతుందో, తలుపు ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది. అప్పుడు ఒక చోట వెల్డింగ్ చేయాలి, ఇంకో చోట రంధ్రం వేయాలి. రంగు వేశాక వెల్డింగ్ అంటే ఆ రంగు పోయినట్టే. పైగా మామూలుగా వాడే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ ఒలికితే పెయింట్‌ను తినేస్తుంది.

బ్రేకులు: ఇక్కడ తప్పు జరిగితే రెండో ఛాన్స్ ఉండదు

చాలా హాట్ రాడ్‌లలో మాస్టర్ సిలిండర్ డ్రైవర్ కాళ్ల కింద, ఫ్రేమ్‌కు బిగించి ఉంటుంది. చక్రాల దగ్గర ఉండే బ్రేకుల కన్నా అది కిందికి ఉంటే పెడల్ వదలగానే ఆయిల్ వెనక్కి జారిపోతుంది. మళ్లీ తొక్కితే పెడల్ సగం దాకా ఉత్తినే వెళ్లిపోతుంది. దీనికి విరుగుడు రెసిడ్యువల్ ప్రెషర్ వాల్వ్ అనే చిన్న పరికరం. ఇది లైన్‌లో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. డిస్క్ బ్రేకులకు 2 పీఎస్‌ఐ, డ్రమ్ బ్రేకులకు 10 పీఎస్‌ఐ వాల్వ్ వాడతారు. ఒకదానికి బదులు ఇంకోటి పెట్టారంటే చిక్కే. డిస్క్‌కు 10 పీఎస్‌ఐ వాల్వ్ పెడితే బ్రేకులు పట్టేసి వేడెక్కుతాయి.

ఆ తర్వాత లైన్లలో గాలి తీయాలి. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టడం రివాజు. ఒకరు పెడల్ తొక్కాలి, ఇంకొకరు నిపుల్ వదులు చేసి బుడగలు ఆగేదాకా చూడాలి. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉందంటే లోపల ఇంకా గాలి ఉందని అర్థం.

చివరగా పెడల్‌ను ఒక నిమిషం పాటు గట్టిగా తొక్కిపట్టాలి. అది మెల్లగా కిందికి దిగుతోందంటే ఎక్కడో లీక్ ఉంది, లేదా మాస్టర్ సిలిండర్ పాడైంది. జాయింట్ల దగ్గర తెల్ల టిష్యూ పేపర్ పెట్టి చూస్తే చిన్న తడి కూడా పట్టుబడుతుంది. స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పి, ముందు చక్రాలు రబ్బరు బ్రేక్ పైపులకు రాసుకుంటున్నాయేమో చూడాలి.

నట్లు, స్టీరింగ్.. చేత్తో కాదు, లెక్కతో

'గట్టిగానే బిగించాను' అంటే సరిపోదు. స్టీరింగ్, సస్పెన్షన్, చక్రాల నట్లన్నిటినీ టార్క్ రెంచ్‌తో బిగించాలి. బిగించిన ప్రతిదాని మీద పెయింట్ మార్కర్‌తో ఒక గీత గీస్తారు. నట్ వదులైతే గీత పక్కకు జరిగి వెంటనే కనిపిస్తుంది. స్ప్లిట్ పిన్ పెట్టాల్సిన చోట పిన్ ఉందా? దాని కాళ్లు వంచారా? ఇది మర్చిపోతే స్టీరింగ్ జాయింటే ఊడిపోవచ్చు.

పాత పద్ధతిలో ముందు ఒకే ఇరుసు ఉండే కార్లకు అలైన్‌మెంట్ ఇంకా ముఖ్యం. క్యాస్టర్ కోణం సాధారణంగా 5 నుంచి 7 డిగ్రీల మధ్య పెడతారు. ఇది తేడా వస్తే స్పీడ్‌లో ముందు చక్రాలు గడగడా వణికిపోతాయి.

వైరింగ్, పెట్రోల్: మంట ఎక్కడ మొదలవుతుంది?

చాలా కొత్త హాట్ రాడ్‌ల బాడీ ఫైబర్‌గ్లాస్‌ది. ఇనుప బాడీలా ఇది కరెంట్‌ను మోయదు. కాబట్టి ప్రతి లైటుకు, మీటరుకు విడిగా ఎర్త్ వైర్ వేయాలి. ఇనుప ఫ్రేమ్‌కు ఎర్త్ ఇచ్చేచోట రంగు గీకేయాలి. లేదంటే కనెక్షన్ సరిగా అందదు.

రేకు రంధ్రంలోంచి వెళ్లే ప్రతి వైర్‌కు రబ్బరు గ్రోమెట్ ఉండాలి. లేకపోతే కారు ఊగినప్పుడల్లా అంచు రాసుకుని, పైపొర తెగి షార్ట్ సర్క్యూట్ అవుతుంది. పెట్రోల్ పైపులను వేడి సైలెన్సర్ పైపులకు దూరంగా క్లాంపులతో కట్టాలి. ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు ఉంటే, ఇంజిన్ ఆగగానే పంపు కూడా ఆగిపోయే సేఫ్టీ స్విచ్ తప్పనిసరిగా పెట్టుకోవాలి.

మొదటి స్టార్ట్: ఆ 20 నిమిషాలు కీలకం

కొత్తగా కట్టిన ఇంజిన్ లోపల మొదట్లో ఆయిల్ అన్నిచోట్లా ఉండదు. అందుకే షెవర్లే వీ8 లాంటి వాటిలో డిస్ట్రిబ్యూటర్ తీసి, డ్రిల్ మెషీన్‌తో ఆయిల్ పంపును తిప్పుతారు. మీటర్‌లో ప్రెషర్ చూపించాకే స్టార్ట్ చేస్తారు.

పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌షాఫ్ట్ అయితే ఇంకో రూల్ ఉంది. స్టార్ట్ కాగానే ఐడిల్‌లో వదలకూడదు. వెంటనే 2000 ఆర్‌పీఎం దగ్గరికి తెచ్చి, కాస్త పైకీ కిందికీ మారుస్తూ 20 నిమిషాలు నడపాలి. జింక్ ఎక్కువగా ఉన్న ఆయిల్ వాడాలి. ఇది తప్పితే కొత్త క్యామ్‌షాఫ్ట్ తొలిరోజే అరిగిపోవచ్చు. గ్యారేజీ తలుపు తీసే ఉంచాలి, ఎందుకంటే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. చేతికి అందేచోట ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాల్సిందే.

ఇక మెరుపు పని

ఇవన్నీ అయ్యాకే రంగు వంతు. క్లియర్ కోట్ ఆరాక 1000 నంబర్ వాటర్ పేపర్‌తో మొదలుపెట్టి, 1500, 2000 నంబర్లతో తడిపి రుద్దుతారు. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, ఆపై పాలిష్. అంచుల మీద రంగు పొర పల్చగా ఉంటుంది కాబట్టి అక్కడ టేప్ అంటించి రుద్దుతారు.

ఒక్క హెచ్చరిక. హార్డెనర్ కలిపి కొట్టే రెండు భాగాల పెయింట్లలో ఐసోసయనేట్‌లు ఉంటాయి. ఇవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఆస్తమా రావచ్చు. మామూలు గుడ్డ మాస్క్ వీటిని ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్క్ కావాలి.

చివరిది పిన్‌స్ట్రైపింగ్. పొడవాటి వెంట్రుకల సన్నని బ్రష్‌తో చేత్తో గీసే గీతలివి. 1950ల్లో వాన్ డచ్ అనే పేరుతో ప్రసిద్ధి చెందిన కెన్నెత్ హోవర్డ్ ఈ కళను హాట్ రాడ్ ప్రపంచంలో పాపులర్ చేశారు.

కాగితాలు లేకపోతే షోకేస్ బొమ్మే

కాలిఫోర్నియాలో ఇలాంటి కార్లకు ఎస్‌బీ 100 అనే చట్టం ఉంది. దీని కింద పొగ నిబంధనల్లో వెసులుబాటు ఏడాదికి 500 కార్లకే ఇస్తారు. అది కూడా ముందు వచ్చినవాళ్లకే.

మరి మన దగ్గర? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్టర్ అయిన బండిని కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. రూల్ దాటితే ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి వీడియో చూసి పాత అంబాసిడర్ మీద ప్రయోగం చేసే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగడం మంచిది.

రోడ్డెక్కాక కూడా పని అయిపోలేదు. మొదటి 80 కిలోమీటర్ల తర్వాత చక్రాల నట్లు మళ్లీ బిగించాలి, లీకులు మళ్లీ చూడాలి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లెవరైనా సెకండ్ హ్యాండ్ హాట్ రాడ్ కొనాలనుకుంటే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి.. పెయింట్‌ను చూసి డబ్బులు తీయొద్దు. టార్చ్ లైట్ పట్టుకుని కారు కిందికి దూరండి. బ్రేక్ పైపులు, స్ప్లిట్ పిన్‌లు, వైర్లు ఎలా ఉన్నాయో చూస్తే కట్టినవాడు ఎలాంటివాడో అర్థమైపోతుంది.