గాలి తిన్న గడ్డి

1945లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతి పశువుల మేత మీద పనిచేసిన మనిషికి దక్కింది. ఆయన ఫిన్లాండ్‌కు చెందిన ఆర్తురి ఇల్మారి విర్తానెన్. వేసవిలో కోసిన గడ్డితోనే శీతాకాలమంతా ఆవుల్ని పోషించాల్సిన దేశం అది. పాతర వేసిన గడ్డి కుళ్లితే ప్రొటీన్ పోయేది, పాల నాణ్యత చెడేది. పలచని హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు చల్లి గడ్డిని ఒక్కసారిగా పులుపెక్కించి ఆ కుళ్లును ఆపారాయన. ఆయన పేరులోని పొడి అక్షరాలతో దానికి ఏఐవీ పద్ధతి అని పేరొచ్చింది.

పాతర మాత్రం అంతకంటే పాతది. ఫ్రాన్స్ రైతు ఒగుస్త్ గొఫార్ 1877లోనే మొక్కజొన్న పాతర మీద పుస్తకం రాశాడు. చొప్పను ముక్కలు చేసి, అదిమి, పైన బరువులు పెట్టి గాలిని వెళ్లగొట్టాలన్నాడు. పాతర మేత, అంటే సైలేజ్ చరిత్రంతా గాలితో పోరాటమే.

కోసిన గడ్డి వెంటనే చావదు. మూసిన పాతరలో దాని కణాలు ఊపిరి తీస్తూ మిగిలిన ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తాయి. ఆపైన, పాలను పెరుగు చేసే జాతి బ్యాక్టీరియా గడ్డిలోని చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ 4 దరిదాపులకు దిగుతుంది. గాలి చొరబడనంత కాలం మేత నెలల తరబడి చెడదు.

తెరిచాకే అసలు గండం. పులుపుకు లొంగని ఈస్టులు కొన్ని అందులో అణగి ఉంటాయి. గాలి తగలగానే అవి లాక్టిక్ ఆమ్లాన్నే తినడం మొదలుపెడతాయి. పులుపు విరిగిపోగానే బూజులూ, కుళ్లబెట్టే బ్యాక్టీరియా దిగుతాయి. పాతర ముఖంలోకి చెయ్యి దూర్చి చూడండి. పైన చల్లగా ఉన్నా జానెడు లోపల వెచ్చగా తగులుతుంది. ఆవుకు అందాల్సిన శక్తే అలా వేడిగా పోతోంది.

తూకాన్ని నమ్మితే ఇక్కడ మోసపోతాం. సూక్ష్మజీవులు ముందుగా తినేది తేలిగ్గా అరిగే భాగాన్నే. పీచు జోలికి అంత తొందరగా పోవు. పదోవంతు మేత పోయిందనుకుంటే, పోయింది మేలైన పదోవంతు. వేడి మరీ ఎక్కితే ప్రొటీన్లు చక్కెరలతో ముడిపడి గడ్డి గోధుమ రంగుకు తిరుగుతుంది, మాడిన చక్కెర వాసన వేస్తుంది. ఆవు ఇష్టంగానే తినొచ్చు, కానీ ఆ ప్రొటీన్ ఒంటబట్టదు. గాలి చొరబడి పులుపు తగ్గినచోట లిస్టీరియా పెరిగితే గొర్రెలకు మెదడు జబ్బే రావచ్చు.

ఈస్టుల మీద పులుపు ఒక్కటే పనిచేయదు. లెంటిలాక్టోబాసిల్లస్ బుక్నేరి అనే బ్యాక్టీరియాను మేతలో కలిపితే అది లాక్టిక్ ఆమ్లంలో కొంతను అసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఈస్టులకు గిట్టనిది ఆ ఆమ్లమే. కాస్త శక్తి ఖర్చైనా తెరిచిన మేత ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయినా వదులుగా తొక్కిన పాతరను ఏ బ్యాక్టీరియా కాపాడలేదు.

రెండు మూడు గేదెలున్న మన రైతులు తెరిచాక వచ్చే ఈ గండాన్ని తప్పక పట్టించుకోవాలి. పెద్ద పాతర తెరిస్తే రోజుకు తీసేది నాలుగు గంపలు, గాలి తగిలేది మొత్తం ముఖానికి. వాళ్లకు ఒకటి రెండు రోజుల్లో అయిపోయే చిన్న సంచులే మేలు. ఆ సంచులకు ఎలుకలు చిల్లు పెట్టాయేమో రోజూ చూసుకుని, కనిపించిన వెంటనే టేపు వేయాలి.