జబ్బుపడిన కుక్క లోపల జరిగే పోరాటం



మన పల్లెల్లో చాలా ఇళ్లకు కుక్కే కాపలా. అది జబ్బుచేసి మూలన ముడుచుకుంటే, "రెండు రోజుల్లో అదే లేస్తుందిలే" అనుకుంటాం. ఆ రెండు రోజుల్లో దాని ఒంట్లో ఎంత పోరాటం జరుగుతుందో తెలిస్తే అలా ఊరుకోము.

కుక్కకూ మనలాగే మూత్రపిండాల దగ్గర రెండు చిన్న అడ్రినల్ గ్రంథులను దేవుడు అమర్చాడు. ఆపద రాగానే అవి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. రక్తంలో చక్కెర పెరుగుతుంది. రక్తపోటు పడిపోకుండా నిలబడుతుంది.

మరోవైపు, రోగక్రిములను ఎదిరించడానికి శరీరం వాపును పుట్టిస్తుంది. పుండు చుట్టూ ఎరుపు, వేడి, నొప్పి కనిపించేది అందుకే. ఇది మేలుకే. కాని క్రిములు రక్తంలోకి దిగితే ఆ చర్య ఒళ్లంతా పాకుతుంది. పొయ్యిలోని నిప్పు అన్నం వండుతుంది. అదే ఇంటి కప్పుకు అంటుకుంటే? రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. ఈ మంటను అదుపుచేసే వాటిలో కార్టిసాల్ ముఖ్యమైనది. జబ్బు మరీ ముదిరితే కొన్ని కుక్కల్లో గ్రంథులు అవసరమైనంత కార్టిసాల్‌ను ఇవ్వలేవు.

1978 నుండి ప్రపంచమంతా వ్యాపించిన పార్వో వ్యాధే ఇందుకు ఉదాహరణ. కుక్కపిల్లకు వాంతులు, నెత్తుటి విరేచనాలు అవుతాయి. పేగు గోడ చెడి క్రిములు రక్తంలో చేరతాయి. దక్షిణాఫ్రికాలో ఇలాంటి పిల్లలను పరీక్షించి 2007లో ప్రచురించిన పరిశోధనలో, చికిత్స మొదలై ఒకటి రెండు రోజులైనా కార్టిసాల్ ఎక్కువగానే ఉన్న పిల్లలకు ప్రాణాపాయం ఎక్కువని తేలింది. కార్టిసాలే చంపిందని కాదు. లోపలి ఆపద ఇంకా తగ్గలేదనడానికి అది గుర్తు.

మనం చేయవలసినవి

1. వాంతులు, విరేచనాలతో నీరసించిన కుక్కను ఆ రోజే పశువైద్యునికి చూపించండి. సమయానికి ఎక్కించిన సెలైన్ ప్రాణం నిలుపుతుంది.

2. స్టెరాయిడ్ ఇంజక్షన్ సొంతంగా వేయించకండి. అది రోగనిరోధక శక్తిని అణచివేయగలదు. మనం వాడే నొప్పి మాత్రలు కుక్కకు విషం కావచ్చు.

3. నీడలో, సందడి లేనిచోట పడుకోనివ్వండి. పిల్లలను చుట్టూ మూగనివ్వకండి. భయం కూడా ఆ గ్రంథులకు భారమే.

4. ఆరు నుండి ఎనిమిది వారాల వయసులో పార్వో టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు డాక్టరు చెప్పిన తేదీలకు మళ్లీ వేయించండి. రేబిస్ టీకా మరువకండి.

నోరులేని ప్రాణి తన బాధ చెప్పుకోలేదు. నీతిమంతుని దయ అతని పశువుల వరకు చేరుతుందని సామెతలు 12:10 మనకు బోధిస్తుంది. రాత్రంతా మన వాకిలి కాసే ప్రాణి విషయంలో ఆ దయను క్రియలో చూపుదాం.