ఫారసీ సూఫీ కవిత్వం - దాని వెనుక ఉన్న విశ్వాస ప్రశ్నలు

మేడ్చల్, శామీర్‌పేట పరిసర గ్రామాల్లో ముస్లిములకే కాదు, ఇతరులకు కూడా ‘ఉర్సు’ అనే మాట సుపరిచితం. వలీ వర్ధంతిని ఈ పేరుతో పిలుస్తారు. కాని ఈ అరబ్బీ పదానికి అసలు అర్థం వివాహం. మరణదినాన్ని వివాహమనడం వింతగా తోచవచ్చు. విశ్వాసికి మరణం అంతం కాదనీ, అది ప్రభువు సన్నిధికి చేరుకోవడమనీ నమ్మిన సూఫీలు ఆ పేరు పెట్టారు. మౌలానా జలాలుద్దీన్ రూమీ 1273 డిసెంబరు 17న కొన్యా నగరంలో మరణించారు. ఆ రాత్రిని కూడా ఆయన అనుయాయులు ‘షబె అరూస్’, అనగా పెళ్ళిరాత్రి అని వ్యవహరిస్తారు.

ఫారసీ సూఫీ కవిత్వంలోని పదజాలమంతా ఇటువంటిదే. పైకి ప్రేమ, విరహం, మధువు కనిపిస్తాయి. వీటిని చూసి కొందరు అది కేవలం శృంగార కవిత్వమని మెచ్చుకుంటారు. మరికొందరు అదే కారణంగా షరీఅత్‌కు విరుద్ధమని తోసివేస్తారు. ఈ రెండు అభిప్రాయాలకూ మూలం ఒక్కటే. ఆ కవుల ఎదుట ఉన్న విశ్వాస ప్రశ్నలను గమనించకపోవడమే అది.

మొదటిది దైవదర్శనం. అల్లాహ్‌కు శరీరం, దిక్కు లేవు కనుక ఆయనను చూడడం అసంభవమని ముఅతజిలా పండితులు వాదించారు. విశ్వాసులు పరలోకంలో ఆయనను దర్శిస్తారనీ, అది ఏ విధంగా అన్నది మన ఊహకు అందదనీ ఇమామ్ అబుల్ హసన్ అష్‌అరీ, ఆయన అనుయాయులు సమాధానమిచ్చారు. అల్ ఖియామహ్ సూరాలోని 22, 23 ఆయతులు వారికి ఆధారం. తూర్ పర్వతంపై హజ్రత్ మూసా (అలై) దర్శనం కోరిన వృత్తాంతం అల్ ఆరాఫ్ సూరా 143వ ఆయతులో ఉంది. ఫారసీ గజల్‌లో ‘దీదార్’ కోసం పడే తపనకు, తూర్ పర్వత ప్రస్తావనలకు నేపథ్యం ఇదే.

రెండవది ఆది ఒడంబడిక. ఆదం సంతతి అంతా అల్లాహ్‌ను తమ ప్రభువుగా అంగీకరించి సాక్ష్యమిచ్చిన సంగతిని అదే సూరా 172వ ఆయతు తెలుపుతుంది. కవులు దీనిని ‘రోజె అలస్త్’ అన్నారు. సృష్టికి ముందే మధువు తాగి మైమరచామని కవి అన్నప్పుడు సూచన ఈ ఒడంబడిక వైపే. అయితే హాఫిజ్ గజల్‌లలో కనిపించే ప్రతి మధుపాత్రకూ ఆధ్యాత్మికార్థమే ఉందని చెప్పడం సాహసం. సందర్భాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

మూడవది విధి, మానవ ప్రయత్నం. పంచతంత్రంలోని సింహం, కుందేలు కథ తెలుగు పాఠకులకు చిన్ననాటి నుంచే తెలుసు. 8వ శతాబ్దిలో ఇబ్నుల్ ముఖఫ్ఫా అరబ్బీలో రచించిన ‘కలీలా వ దిమ్నా’ ద్వారా అది ముస్లిం లోకానికి చేరింది. రూమీ తన మస్నవీ మొదటి భాగంలో దానిని ఒక సిద్ధాంత చర్చగా మలిచారు. వేట మాని దైవంపై భారం వేయమని మృగాలు తవక్కుల్‌ను బోధిస్తాయి. ఒంటెను కట్టివేసి ఆపైన దైవంపై భారం వేయాలన్న హదీసును సింహం గుర్తుచేస్తుంది. యజమాని సేవకుని చేతికి పార అందిస్తే, ఏం చేయాలో మాటతో చెప్పనక్కరలేదు. అల్లాహ్ మనిషికి చేతులు, కాళ్ళు ఇవ్వడం కూడా అటువంటిదే అన్నది దాని వాదం. చివరకు సింహం బావిలో తన నీడనే శత్రువనుకొని దూకుతుంది. ఇతరులలో మనం చూసే దోషం తరచుగా మనదేనని రూమీ అక్కడ హెచ్చరిస్తారు. నీతికథ ఈ విధంగా విశ్వాస పాఠమైంది.

సూఫీలందరిదీ ఒకే మాట అనుకోరాదు. ఇబ్నె అరబీ (1165–1240) ప్రతిపాదించిన ‘వహ్‌దతుల్ వుజూద్’ భావం జామీ (1414–1492) కవిత్వంలో ప్రముఖంగా కనిపిస్తుంది. కాని జామీకి పూర్వమే మన దక్కనులో, గుల్బర్గాలో స్థిరపడిన హజ్రత్ ఖాజా బందానవాజ్ గేసూదరాజ్ (1321–1422) ఇబ్నె అరబీ భావాలను విమర్శించారు. ప్రశ్నించడం, పరీక్షించడం సూఫీ సంప్రదాయంలోనే ఉన్నాయనడానికి ఇది నిదర్శనం.

తెలుగువారికి ఈ సాహిత్యం కొత్తది కాదు. పిఠాపురం సూఫీ పీఠానికి చెందిన ఉమర్ అలీషా (1885–1945) ఖయ్యామ్ రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రిగా (1952–56) పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు స్వయంగా ఫారసీ పండితులు. ఆ భాషా కవిత్వాన్ని తెలుగు పాఠకులకు పరిచయం చేశారు.

అనువాదంలో పద్యం అందుతుంది గాని, దాని వెనుక ఉన్న ఆయతు, హదీసు, శతాబ్దాల చర్చ అందవు. వాటిని చేర్చుకొని చదవడం పాఠకుని బాధ్యత. అప్పుడే ఏది గ్రహించదగినదో, ఏది చర్చించదగినదో న్యాయంగా తేల్చుకోగలుగుతాడు.