దృష్టి పరీక్షలో విద్యుత్ లేఖనము: ఒక శిక్షణ ప్రణాళిక

ఇంద్రియములన్నింటిలో కన్ను మిన్న అని పెద్దలు చెప్పుదురు. చూపును పరీక్షించు అక్షరముల పట్టిక మనకందరకు పరిచితమే. కాని మాటలు రాని పసిబిడ్డ ఆ పట్టికను చదువజాలదు. దట్టమైన శుక్లము కమ్మిన వృద్ధుని కంటిలోపలి స్థితి వైద్యుని దీపమునకు అందదు. ఇట్టి సందర్భములలో కన్నును, మెదడును పుట్టించు సూక్ష్మ విద్యుత్తే మనకు సాక్ష్యము. ఆ సాక్ష్యమును లిఖించు విద్యను నేర్పుటకు ఐదు దినముల శిక్షణ తరగతి ఎట్లుండవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

మొదటి దినము మూలసూత్రములకు కేటాయింపవలెను. 1865లో స్వీడను శాస్త్రజ్ఞుడు హోమ్‌గ్రెన్ కప్ప కంటిపై వెలుతురు పడినపుడు విద్యుత్ మార్పు కలుగుటను గమనించెను. 1941లో రిగ్స్ కాంటాక్టు లెన్సులో ఎలక్ట్రోడును అమర్చెను. 1945లో కార్పె ఈ పరీక్షను వైద్యమునకు వినియోగించి చూపెను. నేడు మూడు పరీక్షలు ప్రధానములు. రెటీనా అను నేత్రపటలపు స్పందనను ఎలక్ట్రోరెటినోగ్రామ్ తెలుపును. దాని వెనుకనున్న వర్ణకణముల పొర స్థితిని ఎలక్ట్రో ఆక్యులోగ్రామ్ తెలుపును. కంటినుండి మెదడు వరకు గల మార్గమును విజువల్ ఎవోక్డ్ పొటెన్షియల్ పరీక్షించును.

రెండవ దినము చేతిపనికి. కొలవవలసిన సంకేతము వోల్టులో పదిలక్షల వంతుల లెక్కలో ఉండును. సెకనుకు 50 ఆవృత్తులు గల ఇంటి కరెంటు దానిని సులభముగా ముంచివేయగలదు. కనుక చర్మమును శుభ్రపరచి, ఎలక్ట్రోడు నిరోధమును 5 కిలో ఓములకు లోపుగా తెచ్చుట అభ్యసింపవలెను. ప్రతి శిక్షణార్థియు ఒకమారు రోగి కుర్చీలో కూర్చుండవలెనని మా అభిప్రాయము. ఆ అసౌకర్యము ఎరిగినవాడే ఇతరులకు ఓర్పుతో పరీక్ష చేయగలడు.

మూడవ దినము ఎలక్ట్రోరెటినోగ్రామ్‌కు. కంటిపాపను మందుతో విప్పార్చి, 20 నిమిషములు చీకటిలో ఉంచి, మొదట మందమైన మెరుపుతో దండకణముల స్పందనను నమోదు చేయుదురు. పిదప 10 నిమిషములు వెలుతురుకు అలవాటు చేసి, సెకనుకు 30 మెరుపులతో శంకుకణములను పరీక్షింతురు. చీకటి కాలమును తగ్గించినచో ఆరోగ్యవంతుడు కూడ రేచీకటి రోగివలె కనబడవచ్చును.

నాలుగవ దినము మిగిలిన రెండింటికి. చదరంగపు గళ్లు తారుమారగుచుండగా తలవెనుక భాగమున సుమారు 100 మిల్లీసెకన్లకు ఒక శిఖరము కనబడును. దృష్టినాడి వాపులో అది ఆలస్యమగునని 1972లో హాలిడే, ఆయన సహచరులు చూపిరి. కాని రోగి అద్దములు ధరింపకున్నను, చుక్కపై చూపు నిలుపకున్నను స్పందన క్షీణించి ఆలస్యమైనట్లు తోచును. ఎలక్ట్రో ఆక్యులోగ్రామ్‌లో సైతము రోగి రెండు దీపముల నడుమ కన్నులను మార్చి మార్చి త్రిప్పవలెను. కావున రోగికి చెప్పు మాట యంత్రమంత ముఖ్యము. హైదరాబాదు వంటి నగరమున ఆ మాట తెలుగునను, ఉర్దూనను స్పష్టముగా చెప్పగలవాడు చేయు పరీక్షకు విలువ హెచ్చు.

అయిదవ దినము ఫలితముల పఠనమునకు. ప్రతి ప్రయోగశాలయు ఆరోగ్యవంతులను పరీక్షించి తన సాధారణ విలువలను తానే నిర్ణయించుకొనవలెను. శిక్షణార్థుల ముందు మంచి లేఖనములతోపాటు చెడిపోయిన లేఖనములను కూడ ఉంచి, ఏది రోగమో, ఏది పొరపాటో చెప్పింపవలెను. ఎలక్ట్రోరెటినోగ్రామ్ నేత్రపటలము మొత్తము స్పందనను చూపును గాన, నడుమనున్న చిన్న లోపము అందు మరుగుపడవచ్చునని కూడ బోధింపవలెను.

దగ్గరి బంధువుల మధ్య వివాహములు జరుగు కుటుంబములలో వంశపారంపర్య నేత్రవ్యాధుల భయము హెచ్చు. తప్పుడు లేఖనము ఒక బాలుని చదువును మాన్పించవచ్చును. సరియైన లేఖనము అతనికి తగిన బాటను సకాలమున చూపవచ్చును. యంత్రమును ధనముతో కొనవచ్చును. నమ్మదగిన చేతిని మాత్రము శిక్షణతోనే సంపాదింపవలెను. రెండు భాషలు నేర్చిన మన విద్యార్థులు ఈ విద్యవైపు దృష్టి సారింతురని ఆశించుచున్నాము.