నడుం ఆపరేషన్ అయ్యాక మానాల్సిన పనులేవి?

నడుం ఆపరేషన్ అయిందని ఊళ్లో తెలిస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "మూడు నెలలు మంచం దిగకమ్మా", "వంకాయ ముట్టుకోకు, చీము పడుతుంది" అంటూ. ప్రేమతోనే అంటారు. కానీ ఆ మంచం సలహా పాతకాలంది.

జారిన డిస్కు నరాన్ని నొక్కితే కాలు లాగుతుందని, దానికి ఆపరేషన్ ఉందని 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్‌టర్, బార్ రాశారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు రోగిని రోజుల తరబడి పడుకోబెట్టేవారు. ఇప్పుడు మామూలు డిస్కు ఆపరేషన్ అయితే అదే రోజో మర్నాడో లేపి నడిపిస్తారు. కదలకుండా పడుకుంటే కండరాలు నీరసిస్తాయి, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ పెరుగుతుంది. స్క్రూలు, రాడ్లు వేసిన ఫ్యూజన్ అయితే లెక్క వేరు, కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఏదైనా మీ సర్జన్ మాటే ఆఖరు.

మనతో వచ్చే చిక్కు ఏమిటంటే, నడవమంటే పడుకుంటాం, వద్దన్న పనులకి మాత్రం లేస్తాం. వంగడం, బరువెత్తడం, నడుం మెలితిప్పడం - మొదటి వారాల్లో ఈ మూడూ వద్దంటారు. సింగపూర్‌లో ఈ మూడూ కలిపి చేయించే పని ఒకటుంది: బట్టలారేయడం. మెషీన్‌లోంచి తడిబట్టలు వంగి తీయాలి, వెదురు కర్రకి ఎక్కించాలి, పాత హెచ్‌డీబీ బ్లాకుల్లో అయితే ఆ కర్రని కిటికీ బయటికి చాచి గొట్టంలో దూర్చాలి. బాగున్నవాళ్లకే నడుం పట్టేస్తుంది! ఆ పని ఇంటాయనకో పిల్లలకో అప్పగించేయండి. ముడతలతో ఆరేసినా చూడనట్టు ఊరుకోండి.

తర్వాత బరువులు. 5 కిలోల బియ్యం సంచి సంగతి సరే, 2 లీటర్ల పాల క్యానే 2 కిలోలు దాటుతుంది. ఎంతవరకు ఎత్తొచ్చో కిలోల్లో అడిగి తెలుసుకోండి. కుక్కరు, పప్పుల డబ్బాలు ఆపరేషన్‌కి ముందే నడుం ఎత్తుకి చేర్పించండి. దీపం కొన్నాళ్లు నిలబడే పెట్టుకోండి, దేవుడేమీ అనుకోడు.

మంచం మీంచి తిన్నగా లేవకూడదు. దుంగ దొర్లినట్టు ఒళ్లంతా ఒకేసారి పక్కకి తిప్పి, కాళ్లు కిందికి జార్చి, చేత్తో పరుపు నొక్కుతూ లేవాలి. ఇక నడకకి వాయిడ్ డెక్ ఉండనే ఉంది, వానా ఎండా తగలవు. ఐదేసి నిమిషాలు రోజుకి నాలుగైదుసార్లు మొదలుపెట్టి, ఒంటిని చూసుకుంటూ పెంచండి.

కోడీన్, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు మలబద్ధకం తెస్తాయి. ముక్కితే నడుం మీదే భారం. అందుకే పథ్యమంటూ చారన్నంతో సరిపెట్టకుండా ఆకుకూరలు, పప్పు, నీళ్లు బాగా తీసుకోండి. అమ్మ వచ్చి ఆముదంతో మర్దనా చేస్తానంటే మాత్రం వద్దనండి.

ఉద్యోగం చేసేవాళ్లకి ఓ మాట: ఆరు నెలల సర్వీసు ఉంటే, డాక్టర్ రాసిస్తే, ఇక్కడి చట్టం ప్రకారం ఏడాదికి 60 రోజుల వరకు జీతంతో హాస్పిటలైజేషన్ లీవు ఉంటుంది. మామూలు 14 రోజుల సిక్ లీవు అందులో భాగమే. మొహమాటపడి ముందే ఆఫీసుకి పరుగెత్తొద్దు.

జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీమో నీరో కారినా హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. పిక్క వాచి నొప్పి పుట్టినా ఆలస్యం చేయొద్దు. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా, కాలు కొత్తగా బలం తప్పినా మాత్రం తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అంబులెన్సు నంబరు 995, ఇంట్లో పిల్లలకీ నేర్పండి.